మిరుగం రాకముందే రెండు దిక్కుల డిష్షు: కొనేటప్పుడు, మిద్దె ఎక్కేటప్పుడు జాగ్రత్తలు

మన నల్లగొండ, పాలమూరు దిక్కు వానలకన్నా ముందు గాలిదుమారం వస్తది, రోహిణి కార్తెల సాయంత్రం పూట ఒక్క గాలి లేచిందంటే సగం ఊరి డిష్షులు మొఖం తిప్పుకుంటయి. ఆ తర్వాత పిలిస్తే బిగించే పిలగాడు వారం దాకా దొరకడు. అందుకే మిరుగం (మృగశిర కార్తె) లోపలనే ఈ పని అయిపోవాలె, ముఖ్యంగా నెలనెలా పైసలు కట్టే పనిలేని దూరదర్శన్ ఫ్రీ డిష్ ఒకటి, రీచార్జ్ కట్టే డీటీహెచ్ ఇంకోటి రెండూ కావాలె అనుకునేటోళ్లకి.

మిద్దె మీద పాత అల్యూమినియం పుల్లల యాంటెనా ఉంటే దాన్ని దింపేయండి, దూరదర్శన్ అనలాగ్ టవర్లు 2022 నాటికి దాదాపు అన్నీ బంద్ అయినయి, అది ఇప్పుడు కాకులు కూసోవడానికి తప్ప పనికిరాదు, పైగా గాలికి కరెంటు తీగ మీద పడితే ఇంటికే ప్రమాదం.

ఇగ అసలు సంగతి. కొనేముందే ఏ రెండు సాటిలైట్లు కావాలనో తేల్చుకోవాలె. డీడీ ఫ్రీ డిష్ జీశాట్-15 మీద, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటది, నల్లగొండ నుంచి చూస్తే ఆగ్నేయం మూలకి, అంటే వాస్తు ప్రకారం వంటిల్లు పెట్టే మూల, దాదాపు 64 డిగ్రీల ఎత్తుల. టాటా ప్లే 83లో ఉంటది, ఇది దక్షిణానికి దగ్గర, ఇంకా ఎత్తుల. ఎయిర్‌టెల్ 108.2, తూర్పుకు బాగా జరిగి 51 డిగ్రీల ఎత్తుకే ఉంటది. పాలమూరులో అయితే ఎత్తుల ఒక డిగ్రీ అటు ఇటు, దిక్కు ఇంకొంచెం తూర్పుకు జరుగుతది, అంతే.

షాపులో "ఒకటే డిష్షుకు రెండు ఎల్‌ఎన్‌బీలు పెట్టిస్త అన్నా" అంటే వెంటనే సరే అనకుండ్రి (ఎల్‌ఎన్‌బీ అంటే డిష్షు ముందట కడ్డీ మీద ఉండి సిగ్నల్ పట్టే ముక్క). 60 సెంటీమీటర్ల డిష్షు నడుమల ఉన్నదాన్ని బాగా పట్టుకుంటది, పక్కకు జరిగేకొద్దీ సిగ్నల్ పడిపోతది, ఫ్రీ డిష్‌కి టాటా ప్లేకి తేడా పది డిగ్రీలు దాటుతది కాబట్టి ఎండాకాలం ఏదో నడిచినట్టు కనిపిస్తది గానీ మొదటి మబ్బుకే బొమ్మ గళ్లు గళ్లు అయితది. ఎయిర్‌టెల్‌తోటి అయితే అసలు ఆశే పెట్టుకోవద్దు. డిష్ టీవీ 95లో ఉంటది, ఇది మరీ దగ్గర, రెండు ఎల్‌ఎన్‌బీలు పక్కపక్కన పట్టేంత జాగ కూడా ఉండదు. డీ2హెచ్ 88లో ఉంటది, దాంతో అయితే 90 సెంటీమీటర్ల డిష్షు తీసుకొని ఒకసారి చూడొచ్చు. మిగతా వాటికి నా మాట వింటే రెండు డిష్షులే వేరువేరుగా పెట్టుకోండ్రి, ఖర్చు కొంచెం ఎక్కువైనా నెత్తినొప్పి ఉండదు.

ఒకటే దానికి పెడతనంటే ఒక్క ముచ్చట యాది పెట్టుకోవాలె: డిష్షు అద్దం లెక్క పనిచేస్తది. పడమటి దిక్కున్న సాటిలైట్ కోసం రెండో ఎల్‌ఎన్‌బీ తూర్పు వైపు బిగించాలె, అది ఎత్తుల ఉంటే ఎల్‌ఎన్‌బీ కొంచెం కిందికి రావాలె. చాలామంది ఉల్టా పెట్టి ఎంతసేపు తిప్పినా రాలే అంటరు. సిగ్నల్ తక్కువ వచ్చేదాన్నే నడుమల పెట్టండి. రెండు బాక్సులుంటే రెండు కేబుల్స్ వేరేవేరే దించాలె, మామూలు కేబుల్ టీవీ స్ప్లిట్టర్‌తో రెండింటినీ కలపొద్దు, బాక్సు కేబుల్ మీదుగానే ఎల్‌ఎన్‌బీకి 13, 18 వోల్టులు పంపిస్తది, రెండు బాక్సుల కరెంటు కొట్టుకుంటే ఏదో ఒకటి ఖరాబ్ అయితది.

90కి పోయేటోళ్లు గాలి లెక్క మర్చిపోవద్దు, 60 దానికన్నా గాలి తగిలే జాగ రెండింతల పైనే. పిట్టగోడ ఇటుకల మీద ఆపొద్దు, స్లాబుకో పిల్లర్‌కో యాంకర్ బోల్టులు కొట్టాలె, కొట్టిన రంధ్రం చుట్టూ వాటర్‌ప్రూఫ్ పూయాలె, లేకుంటే శ్రావణంల ఇంట్ల బకెట్ పెట్టుకోవాల్సిందే. సిమెంటు దిమ్మె కట్టి నిలబెడితే వారం రోజులు తడిపినంకనే డిష్షు ఎక్కించండి. రేకుల ఇల్లయితే రేకు మీద కాదు, గోడకే పైపు బిగించాలె. చెట్టు ముచ్చట భయపడేంత లేదు, ఫ్రీ డిష్‌కి డిష్షు కన్నా 10 ఫీట్ల ఎత్తున్న వేపకొమ్మ 5 ఫీట్ల లోపల ఉంటేనే అడ్డం.

ఎక్కేముందు పైన తీగలు చూడండ్రి. ఊర్లల్ల 11 కేవీ లైన్ మిద్దె పక్కనుంచే పోతది, దానికి తొడుగు ఉండదు, ముట్టకున్నా దగ్గరికి పోతేనే లాగుతది. పొడుగు జీఐ (ఇనుప) పైపు నిలబెట్టేటప్పుడు అది ఏ దిక్కు పడ్డా తీగకు అందొద్దు, అందేటట్టుంటే జాగ మార్చండి, తప్పదంటే లైన్‌మన్‌కి చెప్పి సరఫరా బంద్ చేయించినంకనే ముట్టుకోవాలె. ఒక్కరే ఎక్కొద్దు. దామిని యాప్ ఫోన్ల పెట్టుకుంటే పిడుగు హెచ్చరిక వస్తది, ఉరుము వినబడితే దిగేయాలె, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ల ఎక్కొద్దు. పైపుకు ఎర్తింగ్ మంచిదే గానీ నేరుగా పిడుగు పడితే అది కాపాడదు, అందుకే మబ్బు పట్టంగనే, ఉరుములు మొదలు కాకముందే, ప్లగ్గుతో పాటు కేబుల్ కూడా బాక్సు నుంచి పీకేయండి, చాలామంది ప్లగ్గు పీకి ఊరుకుంటరు.

కేబుల్ ఇంట్లకి వచ్చే కాడ కొంచెం కిందికి వేలాడేసి పైకి తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతయి. జాయింట్లకు మామూలు నల్ల టేపు మన ఎండకు ఒక్క సీజన్ల ఊడిపోతది, రబ్బరు లెక్క అతుక్కునే టేపు చుట్టండి. కోతులున్న ఊరైతే కేబుల్ వదులుగా ఉంచొద్దు, పైపు లోపల నుంచే తీయాలె, వదులుగా ఏది కనిపిస్తే అది పట్టి ఊగుతయి.

జోరు వానల సిగ్నల్ పోతే మిద్దె ఎక్కి డిష్షు తిప్పుడు మొదలుపెట్టకుండ్రి, వాన తగ్గితే దానంతట అదే వస్తది. వాన వెలిసి గంటయినా రాకుంటే అప్పుడు ఆరిన మిద్దె ఎక్కి ముందు బోల్టులు, తర్వాత జాయింట్లు చూడండ్రి.