నాలుగో టైరు దాకా గాలి అందాలి: ఇసుక, రాళ్ల దారులకు బయలుదేరే ముందు కంప్రెసర్ జాగ్రత్తలు

ఏ కంప్రెసరైనా మొదటి టైరును నింపుతుంది. అమ్మేవాళ్లు చూపించేదీ, కొన్నవాళ్లు ఇంటి ముందు సరదాగా పరీక్షించేదీ ఆ మొదటి టైరు మీదే. దాని అసలు సత్తువ తెలిసేది నాలుగో టైరు దగ్గర. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చేతిసంచిలో పట్టే చిన్న కంప్రెసర్‌ను నమ్ముకుని, నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించి ఓసారి ఇసుక దారిలోకి దిగాను. తిరిగి తారు రోడ్డు ఎక్కేటప్పటికి పొద్దు వాలుతోంది. ముందు టైర్లు రెండూ బాగానే నిండాయి. వెనక టైరు సగంలో ఉండగా మోటారు మూలిగి ఆగిపోయింది. మీద చెయ్యి వేస్తే ఇస్త్రీపెట్టెలా కాలింది. చల్లారేదాకా కూర్చుని మళ్లీ మీట నొక్కితే చప్పుడే లేదు. సాకెట్ ఫ్యూజు కాలిపోయింది, దాంతోపాటు ఫోను చార్జింగూ పోయింది. ముందు రెండు టైర్లలో 34, వెనక ఒకదానిలో 25, ఇంకొకదానిలో 17 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో నత్తనడకన ఇల్లు చేరాను.

అసలు గాలి ఎందుకు తీస్తామో కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది కాబట్టి ఇసుకలో కూరుకుపోదు, రాయి మీద పట్టు జారదు. రోడ్డు మీద 32 నుంచి 36 పీఎస్ఐతో నడిచే బండికి ఇసుకలో 15 నుంచి 20 చాలు. రాళ్ల దారిలో అంతకంటే కాస్త ఎక్కువ ఉంచుకోవాలి. టైరు అంచును రిమ్ముకు బిగించి పట్టే ప్రత్యేక రిమ్ములు లేకపోతే 15కు దిగువకు వెళ్లకపోవడమే మంచిది. ఆ గాలితో ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము మీద నుంచి ఊడివస్తుంది. అదే గాలితో తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తూ లోపల వేడెక్కుతాయి. ఆ దెబ్బ పైకి కనిపించదు, తరువాతెప్పుడో టైరు పగిలినప్పుడు తెలుస్తుంది. గాలి తీయడం కొన్ని నిమిషాల పని. తిరిగి నింపే సాధనం చేతిలో లేనప్పుడు తీయకూడదు.

పెట్టె మీద అంకె, టైరులోకి వెళ్లే గాలి

పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేది 150 పీఎస్ఐ అనే అంకె. దాన్ని చూసి మురిసిపోనవసరం లేదు. మన టైర్లకు కావలసింది 35 లేదా 40. కంప్రెసర్ ఎంత ఒత్తిడి దాకా పోగలదన్నది కాదు, నిమిషానికి ఎంత గాలి తోస్తుందన్నది అడగండి. దాన్ని లీటర్లలోనో సీఎఫ్ఎంలోనో (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అన్న లెక్క) రాస్తారు. 1 సీఎఫ్ఎం అంటే 28.3 లీటర్లు. ఇక్కడా ఒక మెలిక ఉంది. పెట్టె మీద వేసే అంకె తరచుగా ఏ ఒత్తిడీ ఎదురు లేనప్పుడు, అంటే గొట్టం చివర ఖాళీగా వదిలినప్పుడు వచ్చే గాలి లెక్క. టైరులో అప్పటికే 25 పీఎస్ఐ ఉంటే దానికి ఎదురు తోయాలి కాబట్టి ఆ లెక్క బాగా పడిపోతుంది. 30 పీఎస్ఐ దగ్గర ఎన్ని లీటర్లో చెప్పే పట్టిక ఇచ్చిన తయారీదారును నేను ఎక్కువగా నమ్ముతాను. పట్టిక లేకపోతే పెట్టె మీది అంకెలో కొంత కోత వేసుకుని చూస్తాను.

మీ బండికి ఎంత గాలి కావాలో కాగితం మీద తేల్చుకోవచ్చు. టైరు లోపలి ఘనపరిమాణాన్ని పెంచాల్సిన పీఎస్ఐతో గుణించి 14.7తో భాగించండి. 14.7 అంటే మన చుట్టూ ఉన్న వాతావరణపు ఒత్తిడి. 265/70 ఆర్17 కొలత టైరులో సుమారు 70 లీటర్ల చోటు ఉంటుంది. 18 నుంచి 35కు, అంటే 17 పీఎస్ఐ పెంచాలంటే ఒక్కో టైరుకు దాదాపు 81 లీటర్లు, నాలుగింటికీ కలిపి 325 లీటర్ల బయటి గాలి కావాలి. టైరులోని ఒత్తిడికి ఎదురుగా నిమిషానికి 25 లీటర్లు తోసే చిన్న కంప్రెసర్‌కు అది 13 నిమిషాల పని, 60 లీటర్లు తోసేదానికి అయిదున్నర నిమిషాలు. 35 అంగుళాల పెద్ద టైర్లయితే ఒక్కోదానిలో 100 లీటర్లు దాటుతుంది, కాబట్టి సమయమూ అలాగే సాగుతుంది.

ఇప్పుడు ఆ చిన్నదాని కాగితం తిరగేసి చూడండి. "వరుసగా 10 నిమిషాలకు మించి నడపరాదు" అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పనేమో 13 నిమిషాలు. మూడో టైరు అవుతూనే గడువు తీరిపోతుంది. నా మూడో టైరు దగ్గర జరిగింది ఇదే, అందులో వింతేమీ లేదు, లెక్కే అది.

పెద్ద కంప్రెసర్లకు ఈ సంగతిని శాతంగా చెబుతారు. 33 శాతం అంటే పది నిమిషాలు నడిస్తే ఇరవై నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. 100 శాతం అంటే ఆపకుండా నడపవచ్చు. అయితే ఏ ఒత్తిడి దగ్గర, ఎంత చల్లని గదిలో కొలిచిన శాతమో కూడా చూడాలి. మండే ఎండలో, వేడెక్కిన ఇసుక పక్కన అది అంత ఓర్చుకోలేదు. వేడి మితిమీరితే తనంతట తానే ఆగి, చల్లారాక మళ్లీ పనిచేసే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. అది లేని కంప్రెసర్ కాలిపోయేదాకా పని చేస్తూనే ఉంటుంది.

కరెంటు ఎక్కడి నుంచి

సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు చాలా బండ్లలో 10 నుంచి 20 ఆంపియర్ల లోపే ఉంటుంది. ఫ్యూజు పెట్టె మూత మీద రాసి ఉంటుంది, ఒకసారి తెరిచి చూడండి. 12 వోల్టులు, 15 ఆంపియర్లు అంటే 180 వాట్లు, అంతే. 30 ఆంపియర్లు తాగే కంప్రెసర్‌ను ఆ సాకెట్‌కు తగిలించలేం, నేరుగా బ్యాటరీకే క్లిప్పులు పెట్టాలి. ముందు ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, తరువాత నల్లది మైనస్‌కు. తీసేటప్పుడు నల్లది ముందు. ఎర్ర తీగ మీద, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండి తీరాలి. బానెట్ అంచుకు ఒరుసుకుని తీగ తొడుగు చిరిగితే నిప్పు అంటుకోకుండా ఆపేది అదొక్కటే. తీగ చాలలేదని సన్నని తీగ ముడివేయకండి. దారిలోనే వోల్టేజి పడిపోతుంది, మోటారు నీరసంగా తిరుగుతుంది, తీగ వేడెక్కుతుంది.

గాలి కొట్టేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి. అప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది, కంప్రెసర్ చురుగ్గా తిరుగుతుంది, బ్యాటరీ దిగిపోయి అడవి మధ్యలో ఇరుక్కునే బెడదా ఉండదు. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో పెట్టి, ఆరుబయటే చేయండి. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

తీగలు లేని, సొంత బ్యాటరీతో నడిచేవి ఇప్పుడు చాలా వచ్చాయి. రెండు మూడు పీఎస్ఐ తగ్గిన టైరును సరిచేయడానికి బాగుంటాయి. నాలుగు టైర్లను 18 నుంచి 35కు తేవడం వాటిలో చాలావాటికి మోయలేని బరువు.

గొట్టం, గేజి, దుమ్ము

కొనే ముందు టేపు తీసుకుని బండి బ్యాటరీ నుంచి దూరంగా ఉన్న వెనక చక్రపు వాల్వు దాకా, బండి చుట్టూ తిప్పి కొలవండి. బండి పొడవును బట్టి ఆరేడు మీటర్లు రావచ్చు. తీగ, గొట్టం కలిపి ఆ దూరం అందుకోవాలి. గొట్టం చివరి ఇత్తడి బిళ్ల మరలాగా తిప్పి బిగించేదైతే, ఊడదీసేటప్పుడు నింపిన గాలిలో కొంత బుస్సున పోతుంది. పైగా కొన్ని నిమిషాలు నడిచాక వేలు పెట్టలేనంత కాలుతుంది. నొక్కితే పట్టుకునే క్లిప్పు రకం నయం. ఏదైనా సరే, సంచిలో ఒక జత తోలు చేతి తొడుగులు పడేయండి.

కంప్రెసర్‌కు అమర్చిన గేజి మోటారు నడుస్తున్నంతసేపూ ఎక్కువే చూపిస్తుంది. గొట్టంలో తోసే ఒత్తిడిని కూడా కలిపి చెబుతుంది కాబట్టి. ఆపి, ముల్లు కుదురుకున్నాక చదవాలి. ఇంకా మేలు, వేరే గేజి ఒకటి దగ్గర ఉంచుకుని నాలుగింటినీ దానితోనే కొలవడం. ఇంకో తిరకాసు వేడిది. టైరు వేడి 5 లేదా 6 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. ఎండలో రాళ్ల దారి తిరిగి వచ్చిన టైర్లను 35కు నింపితే మర్నాడు తెల్లవారి చూసేసరికి 32 ఉండవచ్చు. కారుతోందని కంగారు పడకుండా చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకోండి. ఎంత నింపాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద ఉంటుంది. టైరు పక్కగోడ మీది అంకె గరిష్ఠ హద్దు, మనం నింపాల్సింది అది కాదు.

కంప్రెసర్‌ను ఇసుక మీద నేరుగా పెట్టవద్దు. చుట్టూ ఉన్న గాలినే అది పీలుస్తుంది. ఇసుక రేణువు లోపలికి పోతే సిలిండరూ పిస్టను రింగూ గీసుకుపోతాయి. పాత రబ్బరు మ్యాట్ మీద, గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపున, చక్రాలు లేపే దుమ్ముకు దూరంగా ఉంచండి. ఎండు గడ్డి మీదా వద్దు, దాని వేడికి గడ్డి రాజుకోవచ్చు. గాలి పీల్చే చోట ఉన్న ఫిల్టర్ ప్రయాణానికి ముందు తీసి దులపండి. స్పాంజి రకమైతే కడిగి బాగా ఆరబెట్టండి.

చేయకూడనివి

గాలి పోయాక కూడా కొంత దూరం నడిచిన టైరుకు మళ్లీ గాలి కొట్టకండి. పక్కగోడ లోపల నలిగిపోయి ఉంటుంది, నింపుతుండగానే పేలవచ్చు. స్టెప్నీ వేసుకుని దాన్ని టైరు పని తెలిసినవాళ్లకు చూపించండి. ఏ టైరుకు గాలి కొడుతున్నా పక్కగోడకు ఎదురుగా ముఖం పెట్టి కూర్చోవద్దు, బండి చివర వైపు జరిగి నిలబడండి.

రిమ్ము నుంచి ఊడిన టైరును తిరిగి కూర్చోబెట్టడానికి లోపల పెట్రోలు జాతి స్ప్రే కొట్టి నిప్పు పెట్టే విద్య వీడియోల్లో కనిపిస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది. టైరు పేలినా మంట ముఖానికి ఎగిసినా ఆదుకునేవాళ్లు లేని చోట దాని జోలికి వెళ్లొద్దు. టైరు అంచులకు సబ్బు నీళ్లు రాసి, చుట్టూ సామాను కట్టే పట్టీ బిగించి, వాల్వు పిన్ను తీసి గాలి కొడితే చాలాసార్లు అంచు పట్టుకుంటుంది. 40 పీఎస్ఐ దాకా వచ్చినా కూర్చోలేదంటే అక్కడితో ఆపాలి. గాలి తీసి మళ్లీ సబ్బు రాయాలి తప్ప ఒత్తిడి పెంచకూడదు.

ఇన్ని చూసుకున్నాక కూడా ఒక పూట ఇంటి ముందు కేటాయించండి. నాలుగు టైర్లలోనూ గాలి 18కి దించి, ఇంజను నడిపి, ఒకదాని తరువాత ఒకటిగా నింపండి. ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాయండి. నాలుగోదానికి మొదటిదానికంటే బాగా ఎక్కువ పడితే మోటారు అలిసిపోతోందని అర్థం, అడవిలో ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో తీగ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, పట్టుకోలేనంత కాలితే ఆ తీగతో దారి పట్టకండి. వాల్వు మూతలు నాలుగూ ఒకే జేబులో వేసుకునే అలవాటు కూడా ఆ రోజే చేసుకోండి. ఇసుకలో పడిన వాల్వు మూత మళ్లీ దొరకదు. ఇప్పటికి నేను పదకొండు పోగొట్టుకున్నాను.