హైడ్రోపోనిక్స్ పాలకూర: లేతాకుల పసుపు ఇలా తగ్గింది

మట్టి లేకుండా పోషకాల నీళ్లలో పెంచే నా పాలకూరకు లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా. పోషకాల డోసు పెంచడం, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్), నీడకు మార్చడం: ఏదీ పనిచేయలేదు.

కారణం బోరు నీళ్లలోని బైకార్బనేట్లు. ఇవి పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) పెంచుతాయి. అది 7.5 దాటితే ఇనుము వేసినా వేళ్లకు సరిగా అందదు.

టబ్బు ఖాళీ చేసి 20 లీటర్లు పోశాను, సగం బోరు, సగం ఆర్‌ఓ. రెండు భాగాలుగా వచ్చే పోషకాల్లో ముందు ‘ఏ’ ద్రావణం, బాగా కలిశాకే ‘బీ’. చిక్కగా రెండూ కలిస్తే తెల్లటి గసి పడుతుంది. ఈసీ (కరిగిన లవణాల మోతాదు చూపే కొలత) 1.6 వచ్చాక ఆమ్లం: 100 మి.లీ. నీళ్లలో 5 మి.లీ. ఫాస్ఫారిక్ (నీళ్లలోకే ఆమ్లం పోయాలి, గ్లవ్స్ తప్పనిసరి). అందులోంచి 10 మి.లీ. చొప్పున టబ్బులో కలిపి, పావుగంట ఆగి కొలుస్తూ పీహెచ్ 5.8కి దించాను. మర్నాడు మళ్లీ ఎక్కింది, మళ్లీ దించాను. చాలామంది వదిలేసేది ఈ రెండో రోజు పనే.

పాత పసుపు పూర్తిగా పోదు, కొత్త చిగురు చూడండి. ముందు ముదురాకులు పసుపెక్కితే ఇది పనిచేయకపోవచ్చు. అది నత్రజని లేదా మెగ్నీషియం లోపం కావచ్చు.