కృత్రిమ అవయవాల్లో రక్తనాళ కణాలు నిలవడం లేదా? ముందు ఉపరితలాన్ని అనుమానించండి

కృత్రిమ ఊపిరితిత్తి అయినా, సన్నటి రక్తనాళ గ్రాఫ్ట్ (నాళం బదులు అమర్చే గొట్టం) అయినా, రక్తం తగిలే చోట దీర్ఘకాలం గడ్డకట్టకుండా చూసుకోగలిగేది సజీవమైన ఎండోథీలియల్ కణాల (రక్తనాళాల లోపలి గోడను కప్పే కణాల) పొరే. అది నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ వదులుతూ ప్లేట్‌లెట్లను దూరంగా ఉంచుతుంది. 6 మిల్లీమీటర్ల కన్నా సన్నని సింథటిక్ గ్రాఫ్ట్‌లు తరచూ మూసుకుపోవడానికి ఈ పొర లేకపోవడం ఒక ముఖ్య కారణం. అందుకే ఇన్ని ల్యాబ్‌లు దీని వెంట పడ్డాయి.

కణాలు నిలవకపోతే చాలామంది ముందు కణాలనే అనుమానించి కొత్త వయల్ తీస్తారు. నా ఉద్దేశంలో వెతకాల్సింది ముందు ఉపరితలం దగ్గర. కణానికి పాలిమర్ (పరికరం చేసిన ప్లాస్టిక్) నేరుగా తగలదు. మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) పోసిన క్షణాల్లోనే పాలిమర్ మీద పేరుకునే ప్రోటీన్ పొర ఒకటుంది, కణం పట్టుకునేది దాన్నే. కింద చెప్పిన సమస్యల్లో చాలావరకు ఆ పొర దగ్గరే మొదలవుతాయి.

ఏ ప్రయోగంలోనైనా మూడు నమూనాలు పక్కపక్కన పెట్టండి: ఫైబ్రోనెక్టిన్ (కణాలు పట్టుకునే ప్రోటీన్) పూసిన మామూలు కల్చర్ ప్లేటు, ఉపరితలం మార్చని మెటీరియల్, ఉపరితలం మార్చిన మెటీరియల్. ప్లేటు మీద కూడా కణాలు బాగా లేకపోతే తప్పు కణాలదే. పాసేజ్ సంఖ్య (కణాలను కొత్త ప్లేటుకు మార్చిన సార్లు) ఎక్కువైందేమో, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమో చూడండి. బొడ్డుతాడు సిర నుంచి తీసిన కణాలైతే ఐదారు పాసేజ్‌ల తర్వాత వాటిని నమ్మకపోవడం మంచిది. ప్లేటు మీద బాగుండి మెటీరియల్ మీద లేకపోతే కింద చదవండి.

సమస్య: నాలుగు గంటలైనా కణాలు గుండ్రంగానే ఉన్నాయి, కదిపితే తేలుతున్నాయి

ఒక నీటిబొట్టు వేసి కాంటాక్ట్ యాంగిల్ (బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం) కొలవండి. విస్తరించిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ రకం), సిలికోన్ లాంటి వాటిమీద అది 100 డిగ్రీలు దాటుతుంది. అంత నీటి విముఖత ఉన్న చోట సీరంలోని (మీడియంలో కలిపే రక్తద్రవంలోని) ఆల్బుమిన్ అనే ప్రోటీన్ గట్టిగా అతుక్కుపోతుంది. ఫైబ్రోనెక్టిన్ చేరినా దాని ఆకారం చెడి, కణం పట్టుకునే భాగం మరుగున పడవచ్చు. దీనికి పూర్తి వ్యతిరేకం పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పూత: నీరు పరుచుకుపోతుంది, కానీ ప్రోటీనే నిలవదు, కాబట్టి కణమూ నిలవదు. సాధారణంగా 40 నుంచి 70 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కణాలు బాగా పరుచుకుంటాయి.

పరిష్కారం: ఆక్సిజన్ ప్లాస్మా (రక్తంలోది కాదు, విద్యుత్తుతో అయనీకరించిన వాయువు) ట్రీట్‌మెంట్ చేసి, సీరం తగలకముందే ఫైబ్రోనెక్టిన్ పూయండి. ఇక్కడ వరస ముఖ్యం. సీరం ముందు తగిలితే ఆ చోటును ఆల్బుమిన్ ఆక్రమించేస్తుంది.

సిలికోన్‌తో ఒక చిక్కుంది. ప్లాస్మా ట్రీట్‌మెంట్ చేశాక గాల్లో వదిలేస్తే లోపలి చిన్న అణువులు పైకి వచ్చి, కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో ఉపరితలం మళ్లీ నీటిని తోసేసే స్థితికి చేరుతుంది. సోమవారం ట్రీట్ చేసిన ముక్క మీద గురువారం కణాలు వేస్తే ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అదే రోజు వాడండి, కుదరకపోతే నీళ్లలో ముంచి ఉంచండి.

ప్లాస్మా యంత్రం లేకపోతే పాలీడోపమైన్ మంచి మార్గం. 2007లో వెలువడిన ఈ పద్ధతి ఆల్చిప్పలు రాళ్లను పట్టుకునే తీరు నుంచి పుట్టింది. పీహెచ్ 8.5 ఉన్న ట్రిస్ బఫర్‌లో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల డోపమైన్ కలిపి ముంచితే చాలు, పీటీఎఫ్‌ఈ మీద కూడా పూత పడుతుంది. నమూనాను నిలువుగా పెట్టి, ద్రావణాన్ని కలుపుతూ ఉండండి. లేకపోతే నల్లటి రేణువులు పైన పడతాయి, తర్వాత అవి కణాలతో సహా ఊడిపోతాయి.

కణాలు పట్టుకునే పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే బంధన రసాయనాలతో ఉపరితలానికి అతికిస్తున్నా కణాలు రావడం లేదంటే బఫర్ చూడండి. ట్రిస్‌లోనూ గ్లైసిన్‌లోనూ అమైన్లు (బంధం ఏర్పడే నైట్రోజన్ సమూహాలు) ఉంటాయి, మీ పెప్టైడ్ కన్నా ముందు అవే అతుక్కుంటాయి. పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉన్న ఎంఈఎస్ బఫర్‌లో యాక్టివేట్ చేసి, 7.2 దాటిన ఫాస్ఫేట్ బఫర్‌లో పెప్టైడ్ కలపండి. ఈడీసీ సీసాను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే తెరవకండి, తేమ పడితే అది పాడవుతుంది. పెప్టైడ్ నిజంగా అతుక్కుందా, ఊరికే పైన కూర్చుందా అని తేల్చుకోవాలంటే ఒక ముక్కను ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) ద్రావణంతో కడిగి మళ్లీ కొలవండి. సిగ్నల్ పోతే రసాయన బంధం ఏర్పడనట్టే.

సమస్య: ఒకచోట గుంపులుగా, ఒకచోట ఖాళీగా

గొట్టమైతే ముందు గురుత్వాకర్షణ గుర్తుకు రావాలి. కణాలన్నీ అడుగున చేరతాయి. కొద్ది నిమిషాలకోసారి పావు చుట్టు తిప్పుతూ సీడ్ చేయండి (కణాలు వేయండి). లోపల గాలి బుడగ నిలిస్తే దాని ఆకారంలోనే ఖాళీ కనబడుతుంది. కణాల సంఖ్య చదరపు సెంటీమీటరుకు 50,000 నుంచి 1,00,000 ఉండేలా చూసుకోండి.

సమస్య: నిశ్చలంగా ఉన్నంతసేపు బాగుంది, పంపు వేయగానే ఊడిపోయింది

అసలు పరీక్ష ఇదే. నిశ్చల కల్చర్ ఫొటోలు ఎంత అందంగా ఉన్నా, ప్రవాహంలో నిలవని పొర అవయవంలో పనికిరాదు.

ధమనుల్లో గోడ మీద పడే షియర్ స్ట్రెస్ (ప్రవాహం గోడను ఒరుసుకుంటూ లాగే బలం) సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 10 నుంచి 20 డైన్లు. ఇప్పుడే అతుక్కున్న కణం మీద అంత బలం ఒక్కసారిగా పెట్టకూడదు. కనీసం ఒక రోజు నిశ్చలంగా ఉంచి, 1 లేదా 2 డైన్లతో మొదలుపెట్టి, ఒకటి రెండు రోజుల్లో మెల్లగా పెంచండి. ఆ వ్యవధిలో కణాలు పట్టు బిగించి, ప్రవాహం దిశలో సాగుతాయి.

పంపు మీద కనిపించే ప్రవాహ వేగాన్ని బట్టి షియర్‌ను ఊహించకండి, లెక్కకట్టండి. గొట్టంలో షియర్ వ్యాసార్ధం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం మార్చకుండా వ్యాసార్ధం సగం చేస్తే షియర్ 8 రెట్లవుతుంది. 4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో కల్చర్ మీడియంతో 10 డైన్లు రావాలంటే నిమిషానికి సుమారు అర లీటరు పోవాలి. ఇక్కడ చాలామంది గమనించని విషయం, రక్తం మీడియం కన్నా నాలుగైదు రెట్లు చిక్కన. మీడియంతో పరీక్షించి, అదే ప్రవాహంతో రక్తం పంపితే కణాల మీద బలమూ అన్ని రెట్లు పెరుగుతుంది. మీడియంలో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పాలిమర్ కలిపి చిక్కదనం పెంచి ముందే పరీక్షించుకుంటే ఈ దెబ్బ తప్పుతుంది.

షియర్ సరిగ్గానే ఉన్నా ఊడిపోతుంటే, ఊడిన చోట ఫైబ్రోనెక్టిన్ కోసం స్టెయిన్ చేయండి (అది ఉంటే కనబడేలా రంగు వేయండి). ఈ గైడ్‌లో ఒక్క పరీక్షే చేయగలిగితే ఇదే చేయమంటాను. ఖాళీ చోట ఫైబ్రోనెక్టిన్ ఇంకా ఉంటే పూత గట్టిదే, కణం పట్టు చాలలేదు. అప్పుడు నిశ్చల కాలం పెంచండి, పెప్టైడ్ సాంద్రత పెంచండి. ఇంటిగ్రిన్లు (కణం పట్టు కోసం వాడే ప్రోటీన్లు) పట్టుకునే బిందువుల మధ్య దూరం సుమారు 70 నానోమీటర్లు మించితే గట్టి పట్టు ఏర్పడదు. ఫైబ్రోనెక్టిన్ కూడా లేకపోతే కణాలు పూతతో సహా లేచిపోయాయన్నమాట. పెప్టైడ్ ఎంత పెంచినా ఉపయోగం ఉండదు, పూతను పాలిమర్‌కు రసాయన బంధంతో కట్టాలి.

గాలి బుడగనూ మరవకండి. గొట్టంలో ఒక బుడగ దొర్లితే దాని అంచు కణాలను గీరుకుపోతుంది. పంపు తర్వాత బుడగలను ఆపే బబుల్ ట్రాప్ తప్పనిసరి.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారికి: వియన్నా వైద్యులు 1980ల చివరి నుంచే రోగి సొంత కణాలను ఫైబ్రిన్ జిగురు పూసిన పీటీఎఫ్‌ఈ గ్రాఫ్ట్‌ల మీద పెంచి కాళ్ల ధమనుల్లో అమర్చారు.

సమస్య: పొర నిండుగా ఉంది, అయినా రక్తం గడ్డకడుతోంది

రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది ఆర్‌జీడీ, అంటే ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే చిన్న భాగం. ఈ పెప్టైడ్‌ను ఎండోథీలియల్ కణాలతో పాటు యాక్టివేట్ అయిన ప్లేట్‌లెట్లూ పట్టుకుంటాయి. పొరలో చిన్న సందు చాలు, కింది ఆర్‌జీడీ బయటపడి గడ్డకు పునాది అవుతుంది. ఆర్‌ఈడీవీ పెప్టైడ్ ఎండోథీలియల్ కణాలకే ఎక్కువ నచ్చుతుంది. దాన్ని పీఈజీ నేపథ్యం మీద అతికిస్తే సందుల్లోనూ కొంత రక్షణ ఉంటుంది. గడ్డకట్టకుండా చేసే హెపారిన్‌ను బంధించడం మరో దారి.

రెండోది ఎండోటాక్సిన్, అంటే కొన్ని బ్యాక్టీరియాల పొరల్లోని విష పదార్థం. కణాలు బతికే ఉంటాయి, మైక్రోస్కోప్‌లో మామూలుగానే కనబడతాయి, కానీ ఉద్రేకించి ఈ-సెలెక్టిన్ (వాపు సంకేతం), టిష్యూ ఫ్యాక్టర్ (గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్) బయటపెడతాయి. మామూలు ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) బ్యాక్టీరియాను చంపుతుంది కానీ ఎండోటాక్సిన్‌ను నమ్మకంగా తొలగించదు. గాజు సామగ్రిని 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచండి, పెప్టైడ్, బఫర్లను ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్‌ఏఎల్ పరీక్షకు పంపండి. పొర నిజంగా నిండుగా ఉందా అని చూడటానికి వీఈ-క్యాడ్హెరిన్ (పక్కపక్క కణాలను కలిపి ఉంచే ప్రోటీన్) స్టెయిన్ చేయండి, కణాల అంచుల వెంట కనిపించే గీత ఎక్కడా తెగకూడదు.

సమస్య: కృత్రిమ ఊపిరితిత్తి ఫైబర్ల మీద పూత బాగుంది, కానీ లోపలికి ద్రవం కారుతోంది

సూక్ష్మరంధ్రాల పాలీప్రొపిలీన్ నీటిని తోసేస్తుంది కాబట్టే దాని రంధ్రాల్లో గాలి నిలుస్తుంది. మీరు ప్లాస్మా ట్రీట్‌మెంట్‌తో ఆ గుణాన్నే తీసేశారు. గట్టి బయటి పొర ఉండే పాలీమిథైల్‌పెంటీన్ ఫైబర్లకు మారండి.

సమస్య: కణాలు తీసేసిన అవయవ చట్రంలో కొత్త కణాలు చచ్చిపోతున్నాయి

చాలాసార్లు పాత కణాలను తీసేయడానికి వాడి, లోపల మిగిలిపోయిన ఎస్‌డీఎస్ వల్ల. చివరిసారి కడిగిన ద్రవాన్ని మీడియంలో కలిపి ప్లేటులోని కణాల మీద పోసి చూడండి. అవి కూడా చస్తే ఇంకా కడగాలి.

సమస్య: స్టెరిలైజ్ చేశాక పూత పనిచేయడం లేదు

ఆటోక్లేవ్ వేడికి ప్రోటీన్ చెడుతుంది, ఇథిలీన్ ఆక్సైడ్ అమైన్లతో చర్య జరుపుతుంది. పాలిమర్‌ను ముందే స్టెరిలైజ్ చేసి, ప్రోటీన్ లేదా పెప్టైడ్ ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా వడగట్టి, హుడ్‌లోనే (శుభ్రమైన గాలి వీచే పెట్టెలోనే) పూయండి.