విజాతి భిన్నాల కూడిక: లవాన్ని మరవకండి

తెల్ల కాగితం, పెన్సిలు ఉంటే చాలు. హారాలు (గీత కింది సంఖ్యలు) ఒకటే అయితే లవాలు (గీత పైవి) కలిపి, హారాన్ని అలాగే ఉంచాలి: 2/7 + 3/7 = 5/7. దీని గురించి ఇంతకు మించి చెప్పేదేమీ లేదు.

తంటా అంతా హారాలు వేరైనప్పుడే, అంటే విజాతి భిన్నాలతోనే. హనుమకొండలో మా వరండాలో ఏళ్ల తరబడి సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను. పదో తరగతికి వచ్చినా 1/2 + 1/3 = 2/5 అని రాసేవారు ఏటా ఒకరిద్దరు తగులుతారు. అరకు ఇంకొంత కలిపితే అర కంటే తగ్గుతుందా? 2/5 అరకు తక్కువే కదా!

అందరూ రొట్టె ముక్కలతో చెబుతారు. నాది పొలం లెక్క. ఎకరానికి 40 గుంటలని మన వైపు పిల్లలు ఇంట్లోనే వింటారు. అన్నకు ఎకరంలో 3/8, తమ్ముడికి 2/5. గుంటల్లో చెప్పమంటే 15, 16 అని లెక్కగట్టేస్తారు. మొత్తం 31 గుంటలు, అంటే 31/40. ఆ 40 మరేమిటో కాదు, 8, 5ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), అంటే రెండింటితోనూ నిశ్శేషంగా భాగించబడే అతి చిన్న సంఖ్య.

ఇప్పుడు 5/6 + 3/8 చేద్దాం. పెద్ద హారం ఎక్కం చదవండి: 8, 16, 24. వీటిలో ఆరుతో నిశ్శేషంగా భాగించబడే మొదటి సంఖ్య 24. అదే క.సా.గు.

ఇక్కడ కాస్త ఆగాలి. 24 దొరికిన సంబరంలో చాలామంది 5/24 + 3/24 అని రాసి, 8/24 తేల్చేస్తారు. ఆరు భాగాల్లో ఐదంటే దాదాపు ఎకరమంతా; ఇరవై నాలుగింట ఐదంటే పావెకరం కూడా రాదు. హారం ఒక్కటే మారిస్తే తమ్ముడి పొలం గట్టు జరిపినట్టే! 6ను 24 చేయడానికి 4తో గుణించాం కనుక పైన 5నూ 4తో గుణించాలి: 20/24. 8ని 3తో గుణించాం కనుక పైన 3ను కూడా 3తోనే: 9/24. ఈ గుణకారాలను కాగితం మీద రాయాల్సిందే. నోటితో చేసేస్తామనే తెలివైన పిల్లలే ఇక్కడ ఎక్కువగా బోల్తా పడతారు. అందుకే ఈ మెట్టు రాయకపోతే జవాబు సరైనదైనా నా దగ్గర సగం మార్కులే.

హారాలను నేరుగా గుణించి, ఒక్కో లవాన్ని అవతలి హారంతో అడ్డంగా గుణించి కలిపే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. తప్పేమీ కాదు, 58/48 వస్తుంది, కుదిస్తే 29/24. కానీ 1/6 + 3/8 + 5/12 ఇచ్చి చూడండి. మూడు హారాలూ గుణిస్తే 576. క.సా.గు. దారిలో అదే 24 సరిపోతుంది: 4, 9, 10 కలిపి 23/24.

మన లెక్కకు జవాబు 20/24 + 9/24 = 29/24, మిశ్రమ భిన్నంగా 1 5/24. నమ్మకం కుదరకపోతే అంచనా కట్టండి: 5/6 ఒకటికి కాస్త తక్కువ, 3/8 అరకు కాస్త తక్కువ. రెండూ కలిస్తే ఒకటి దాటాలి, ఒకటిన్నర దాటకూడదు.