కమాండ్ ప్రాంప్ట్ – 7వ పాఠం: సెట్ దాచిపెట్టే పేర్లు

పోయిన పాఠంలో "సెట్ అని కొడితే వేరియబుల్స్ (పేరు పెట్టి దాచిన విలువలు) అన్నీ కనిపిస్తాయి" అని రాశాను. ఆ "అన్నీ" నా తప్పే. జాబితాలో ఎర్రర్‌లెవెల్ (చివరి ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె, అంటే దాని కోడ్) లేదేమిటని చాలామంది అడిగారు. కొందరైతే లేదు కదా అని తామే పెట్టేసుకున్నారు! కొత్త పాఠం తర్వాత చూద్దాం, ముందు ఆ గాయానికి మందు రాద్దాం. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి.)

ఎర్రర్‌లెవెల్, డేట్, టైమ్, ర్యాండమ్ ఎక్కడా నిలవుండే విలువలు కావు. %ర్యాండమ్% అని అడిగిన క్షణాన 0 నుంచి 32767 లోపు ఒక అంకె పుట్టించి ఇస్తుంది. దాచిందేమీ లేదు కాబట్టి జాబితాలోకి రాదు. కానీ మీరు "సెట్ ఎర్రర్‌లెవెల్=0" అన్నారనుకోండి, ఆ పేరుతో నిజమైన వేరియబుల్ తయారై అసలుదాన్ని కప్పేస్తుంది. నడుస్తున్న గడియారం మీద పన్నెండు గంటల బొమ్మ అంటించినట్టే. "సీఎండీ /సి ఎగ్జిట్ 7" కొట్టి %ఎర్రర్‌లెవెల్% చూడండి: 7 రావాలి, వచ్చేది 0. ఏ ప్రోగ్రామ్ చచ్చినా 0. బ్యాకప్ జరగకపోయినా 0! "ముందు సున్నా చేసి మొదలుపెడదాం" అనే ఈ అతిజాగ్రత్త ఎన్ని బ్యాచ్ ఫైళ్ళలో (కమాండ్లు వరసగా రాసిపెట్టుకునే ఫైళ్ళు) చూశానో, చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. విరుగుడు: "సెట్ ఎర్రర్‌లెవెల్=" అని కుడివైపు ఖాళీగా వదలండి, బొమ్మ ఊడిపోతుంది. నేనైతే పర్సెంట్ గుర్తుల జోలికే పోను, "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1" అని రాస్తాను. అది వేరియబుల్‌ని చూడదు, మోసపోదు.

ఇక నిజంగా దాక్కున్నవి. "సెట్" తర్వాత ఒక స్పేస్, ఒకే ఒక్క డబుల్ కోట్ కొట్టండి. సమానం గుర్తుతో మొదలయ్యే పేర్లు బయటపడతాయి: =సి:, =డి: లాంటివి. 1983 నాటి డాస్ 2.0 (మైక్రోసాఫ్ట్ పాత ఆపరేటింగ్ సిస్టమ్) నుంచీ ప్రతి డ్రైవుకూ విడిగా ఒక ప్రస్తుత ఫోల్డర్ ఉండేది. విండోస్ ఎన్‌టీ (నేటి విండోస్‌కు మూలం) ఒక్కో ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, ఒక్క ఫోల్డరే గుర్తుపెట్టుకుంటుంది. పాత అలవాటు చెడకూడదని మిగతా డ్రైవుల సంగతి ఈ పేర్లలో దాస్తున్నారు. సి డ్రైవులో ఉండి "సీడీ డి:\పాటలు" కొడితే కదలలేదని విసుక్కుంటాం కదా? కదలకపోయినా =డి: లో రాసుకుంది. ఇప్పుడు "డి:" అనండి, నేరుగా పాటల్లో తేలతారు.

=ఎగ్జిట్‌కోడ్ కూడా ఇదే జాతి. చివరి ప్రోగ్రామ్ వదిలిన కోడ్‌ను ఎనిమిది హెక్స్ (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) అంకెల్లో చూపిస్తుంది: 65కి 00000041.

అభ్యాసం ఒక్కటే. మామూలు పద్ధతిలో పూర్ణ సంఖ్య ఇస్తే హెక్స్‌లోకి మార్చే బ్యాచ్ ఫైల్ రాయండి. లెక్క మీరు చేయకూడదు, పని అంతా %=ఎగ్జిట్‌కోడ్% చేత చేయించాలి. -1 ఇచ్చినప్పుడు ఏమొస్తుందో కొట్టే ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి.