మాండరిన్ చేపకు సీసాలో భోజనం
మీ రీఫ్ అక్వేరియంలో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టెలో, మాండరిన్ చేప ఉంటే రోజూ దాని పొట్ట చూడండి. పక్క రెక్కల వెనక లోపలికి నొక్కుకుపోయినట్టుంటే అది పస్తులుంటున్నట్టే. పొడి మేత చాలామటుకు ముట్టదు. రాళ్ల మీద పాకే కోపెపాడ్లనే బుల్లి నీటి జీవులనే పగలంతా ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది.

అవి చాలనప్పుడు మా ఇంట్లో అక్కరకొచ్చింది చిన్న గాజు సీసా. ముందు విడిగా ఉప్పునీటిలో గాలి బుడగలు పెట్టి ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్లాంటి జీవుల గుడ్లు పొదిగిస్తాను. మన విశాఖ వేడికి దాదాపు 24 గంటల్లోనే నారింజ రంగు పిల్లలు వస్తాయి. గాలి ఆపి, పెంకులు తేలాక అడుగున దీపం పెడితే పిల్లలన్నీ అక్కడికి చేరతాయి. వడకట్టి, కడిగి, అక్వేరియం ఇసుక మీద పడుకోబెట్టిన ఆ గాజు సీసాలోకి సిరంజితో వదలండి. అదే రోజు పెట్టాలి, ఆలస్యమైతే వాటిలో సత్తువ ఉండదు. మూతి ఇరుకు కాబట్టి పెద్ద చేపలు దోచుకోలేవు. మా మాండరిన్ నాలుగైదు రోజుల్లో దారి తెలుసుకుని, లోపలికి దూరి తీరిగ్గా మేయడం మొదలుపెట్టింది.