కెన్యా పరిచర్యకి వెళ్తున్నారా, ముందు ఫోన్ సంగతి చూసుకోండి

మొదటిసారి మా సంఘం నుంచి కెన్యా వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో అమ్మకి మాటిచ్చేశాను, రోజూ రాత్రి ఫోన్ చేస్తానని. కిసుము పట్టణం దాటి లోపలి ఊళ్ళోకి వెళ్ళిన రెండో రోజే కరెంటు పోయింది, దాంతోపాటు నా ఫోనూ చచ్చింది, రెండ్రోజులు మాటా లేదు మెసేజూ లేదు. నేనక్కడ పాస్టర్ గారింట్లో ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద), సుకుమా వికీ (ఆకుకూర వేపుడు) శుభ్రంగా లాగిస్తుంటే ఇక్కడ గుంటూరులో నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టేశారు. ఆ తర్వాత నుంచి టీమ్‌లో ఫోన్ల పని నాకే అప్పజెప్పారు, నమ్మకమో శిక్షో మరి.

అందుకే మొట్టమొదట చెప్పేది, రోజూ చేస్తానని ఇంట్లో అనొద్దు. ఏయే రోజుల్లో చేస్తారో చెప్పండి, అంతకన్నా ముఖ్యంగా ఎన్ని రోజులు చప్పుడు లేకపోతే కంగారు పడాలో చెప్పండి. మేమైతే బుధవారం, ఆదివారం అనుకుంటాం, మధ్యలో ఏమీ రాకపోయినా పట్టించుకోవద్దు, చెప్పిన రోజు దాటి మర్నాడు కూడా రాకపోతే అప్పుడు అక్కడి పాస్టర్ గారి నెంబర్‌కి చెయ్యండి అంటాం. ఆ నెంబర్ కాగితం మీద రాసి ప్రతి ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించి వస్తాం, ఫోన్‌లో సేవ్ చేస్తే పెద్దవాళ్ళకి అవసరానికి దొరకదు.

టైమ్ కూడా చూసుకోవాలి. కెన్యా మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి మీటింగ్ అయిపోయి భోజనాలయ్యేసరికి ఎనిమిది, మనకి పదిన్నర, అమ్మానాన్న నిద్రపోయుంటారు. దానికన్నా అక్కడ పొద్దున ఆరున్నరకి చేస్తే ఇక్కడ తొమ్మిది, టిఫిన్లయ్యి తీరిగ్గా ఉంటారు. ఇంకో తిరకాసు ఉంది, స్వాహిలీలో గంటలు పొద్దున ఆరు నుంచి లెక్కపెడతారు. సా టాటు అంటే మాటకి మూడో గంట, అంటే మన పొద్దున తొమ్మిది (బైబిల్ కాలంలో యూదులు పగటి గంటలు లెక్కపెట్టినట్టే అన్నమాట, మూడవ గంట అంటే తొమ్మిది). పెద్దాయన ఎవరైనా ఫోన్‌లో మూడింటికి బండి వస్తుంది అన్నారనుకోండి, ఇంగ్లీషు మూడా స్వాహిలీ మూడా అని అడిగి మరీ పెట్టెయ్యండి, లేకపోతే బండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోతుంది.

ఇక సిమ్ములు. మన ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టొద్దు, ఫోన్‌లోనే ఉంచండి. బ్యాంక్ ఓటీపీలు దానికే వస్తాయి, తీసేస్తే యూపీఐ యాప్‌లు మళ్ళీ వెరిఫై చెయ్యమని ప్రాణం తీస్తాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, ఆ సిమ్‌కి డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి, దాని మీద వచ్చే కాల్స్ ఎత్తొద్దు, ప్యాక్ లేకుండా ఎత్తితే వచ్చే కాల్‌కి కూడా బాగా పడుద్ది. రీఛార్జ్ వాలిడిటీ తిరిగొచ్చే రోజు దాటి ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

రెండో సిమ్ అక్కడిది. నైరోబీలో దిగాక ఎయిర్‌పోర్ట్‌లోనే సఫారీకామ్ (అక్కడి ఫోన్ కంపెనీ) షాపు ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి. అప్పుడే ఎంపెసా (ఫోన్ నెంబర్ మీదే డబ్బులు పంపే ఖాతా) కూడా పెట్టించుకోండి, 2007 నుంచి ఆ దేశం డబ్బులన్నీ ఫోన్లలోనే తిప్పుతోంది, నీళ్ళ బాటిల్ దగ్గర్నుంచి బోడా బోడా (కిరాయి మోటార్ సైకిల్) దాకా దాంతోనే, *334# కొడితే నెట్ లేకపోయినా పని చేస్తుంది. వాట్సాప్ కొత్త సిమ్ చూసి నెంబర్ మార్చమంటారా అని అడిగితే వద్దనండి, పాత నెంబర్‌తోనే నడుస్తుంది.

కొత్త నెంబర్ రాగానే ఇంటికి పంపి పేరు పెట్టి సేవ్ చెయ్యమనండి. ఎందుకంటే 2023లో కెన్యా కోడ్ +254 నుంచి మన వాళ్ళకి మోసగాళ్ళ వాట్సాప్ కాల్స్ తెగ వచ్చాయి, ఆ నెంబర్లు ఎత్తొద్దని అందరూ అందరికీ ఫార్వర్డ్ చేశారు. మా బాబాయి నన్ను బ్లాక్ చేసేశాడు, పాపం జాగ్రత్తపరుడు. సేవ్ చేసుకున్నాక మన పాత మిస్డ్ కాల్ పద్ధతి పెట్టుకోవచ్చు. ఊళ్ళో నెట్ అందకపోయినా మామూలు కాల్ సిగ్నల్ ఒక గీతైనా ఉంటుంది చాలా చోట్ల, ఒక మిస్డ్ కాల్ అంటే క్షేమం, వెంటవెంటనే రెండు అంటే వాట్సాప్ చూడండి అని. ఎత్తకపోతే ఖర్చేం లేదు, ఎత్తొద్దని, తిరిగి చెయ్యొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఐఎస్‌డీ బిల్లు గట్టిగా ఉంటుంది.

డేటా తినేది మనం కాదు, మన గ్రూపులు. సంఘం గ్రూపు, యూత్ గ్రూపు, సిస్టర్స్ గ్రూపు, తెల్లారితే వాక్యం ఫోటోలు వందొస్తాయి, అవన్నీ వాటంతటవే డౌన్‌లోడ్ అయిపోతాయి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్, ఫోటోల బ్యాకప్ రెండూ ఆఫ్ చెయ్యండి. ఇంటికి వీడియో కాల్ బదులు వాయిస్ మెసేజ్ పెట్టండి, సిగ్నల్ దొరికినప్పుడు అదే వెళ్తుంది. మ్యాపు, తెలుగు బైబిలు ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఛార్జింగ్‌కి వస్తే అక్కడి ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మన గుండ్రటి పిన్నులు దూరవు. ఒక అడాప్టర్, దానికి మన ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తగిలిస్తే అయిదారు ఫోన్లు ఒకేసారి పెట్టొచ్చు, వోల్టేజ్ గొడవ లేదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే, లగేజీలో వేస్తే ఆపేస్తారు, 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది లేదు, కాకపోతే దాని మీద అంకె కనపడాలి, చెరిగిపోయినదైతే తీసేసుకుంటారు.

పాస్‌పోర్ట్, ఈటీఏ (కెన్యా వెళ్ళడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి), ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఫోటోలు మీ ఫోన్‌లోనూ పక్కవాళ్ళ ఫోన్‌లోనూ ఉండాలి, కాగితాలు కూడా ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఆ కార్డు మన ఎయిర్‌పోర్ట్‌లో అడుగుతారు. ఇంట్లోవాళ్ళతో ఒక గుర్తు మాట అనుకోండి, మీ పేరుతో ఎవరైనా డబ్బులు పంపమని మెసేజ్ పెడితే ఆ మాట అడగాలి.

వచ్చేటప్పుడు అక్కడి బ్రదర్స్ ఎవరో ఒకరు ఆ సిమ్ ఇచ్చి వెళ్ళమంటారు, మొహమాటంగా ఉంటుంది. ఇవ్వొద్దు, అది మీ పాస్‌పోర్ట్ మీద ఉన్న సిమ్. ఎంపెసాలో మిగిలిన షిల్లింగులు మాత్రం ఆయనకే పంపేసి రండి.